ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయా? అలాగే ఉంచాలా, రూట్ చేయాలా, రోమ్ మార్చాలా

ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోగానే జనం అడిగే మొదటి ప్రశ్న "దీనికి ఏ కస్టమ్ రోమ్ బాగుంటుంది?" అని, అంటే కంపెనీది తీసేసి బయటివాళ్ళు తయారుచేసిన ఆండ్రాయిడ్ ఏది వేసుకోవాలని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, మీ బ్యాంకు యాప్ ఈ ఫోన్‌లోనే ఉందా, లేక ఇంకో ఫోన్ ఉందా. రెండోది, ఈ ఫోన్ బూట్‌లోడర్, అంటే ఫోన్ లేవగానే ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో చూసే ప్రోగ్రామ్, అసలు అన్‌లాక్ అవుతుందా. ఈ రెండిటికీ జవాబు దొరికితే సగం గొడవ వదిలిపోతుంది. ఎందుకంటే చాలామందికి రోమ్ దాకా వెళ్ళాల్సిన అవసరమే రాదు, మిగిలినవాళ్ళలో కొంతమందికి వెళ్దామన్నా దారి ఉండదు.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. అన్‌లాక్, రూట్, కస్టమ్ రోమ్ ఈ మూడూ ఒకటే అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఎక్కువ. బూట్‌లోడర్ అన్‌లాక్ అంటే వీధి తలుపు తాళం తీయడం. రోమ్ మార్చడమంటే ఇంట్లో సామానంతా బయటపడేసి వేరే సామాను సర్దుకోవడం. రూట్ అంటే బీరువాలతో సహా ఇంటి తాళాల గుత్తి మొత్తం బొడ్లో దోపుకోవడం, ఫోన్‌లో దేన్నైనా మార్చే అధికారం అన్నమాట. మొదటిది చేయకుండా మిగతా రెండూ ఈ కాలం ఫోన్లలో దాదాపు కుదరవు, కానీ ఆ రెండిటికీ ఒకదానితో ఒకటి పని లేదు. కంపెనీ ఇచ్చిన స్టాక్ సాఫ్ట్‌వేర్ మీదే రూట్ చేసుకోవచ్చు, రూట్ ఊసే లేకుండా కస్టమ్ రోమ్ వాడుకోవచ్చు. పాత ఫోన్‌కి అప్‌డేట్లు కావాలనుకునేవాళ్ళకి కావాల్సింది ఈ చివరిదే. అయినా సరే, ఎందుకో అందరూ ముందు రూట్ మీదే పడతారు.

ఏమీ చేయకుండా ఉంటే ఏమవుతుంది

అప్‌డేట్ అనే ఒక్క మాటలో రెండు వేరే సంగతులున్నాయి. ఒకటి వెర్షన్ మారడం, ఆండ్రాయిడ్ 14 నుంచి 15కి వెళ్ళడం లాంటిది. రెండోది సెక్యూరిటీ ప్యాచ్, భద్రతా లోపాల్ని పూడ్చేది. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపాలు బయటపడ్డాయి, ఒక ఎమ్మెమ్మెస్ పంపి ఫోన్‌లోకి దూరే వీలున్నవి, ఆ దెబ్బకే గూగుల్ అదే ఏడాది ఆగస్టు నుంచి నెలనెలా ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. వెర్షన్ రాకపోతే కొత్త హంగులు రావు, అంతే. ఆలోచించాల్సింది ప్యాచ్ ఆగినప్పుడు.

అది కూడా ఆగిన మర్నాడే ఫోన్ పనికిరాకుండా పోదు. ఆండ్రాయిడ్ 10 నుంచి సిస్టమ్‌లోని కొన్ని భాగాలు, ఆడియో, వీడియోలని చదివే మీడియా కోడెక్‌ల లాంటివి, గూగుల్ ప్లే ద్వారానే అప్‌డేట్ అవుతాయి, కంపెనీ చేయి పడనక్కర్లేదు. బ్రౌజరూ, యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ కూడా ప్లే స్టోర్ నుంచే వస్తాయి. అప్‌డేట్ కాకుండా మిగిలిపోయేవి సిస్టమ్ గుండెకాయ లాంటి కర్నెల్, చిప్ డ్రైవర్లు, నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెమ్ ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్). వీటిలో లోపం దొరికితే బాగుచేసే దిక్కు ఉండదు. ప్యాచ్ ఆగి ఆరు నెలలైన ఫోన్‌లో, ఎక్కడపడితే అక్కడి నుంచి యాప్‌ల ఏపీకే ఫైళ్ళు దించుకోని మనిషికి నేను టెన్షన్ పడమని చెప్పను. మూడేళ్ళయిన ఫోన్‌లో జీతం డబ్బులు పడే ఖాతా యాప్ ఉంటే మాత్రం చెప్తాను.

కొత్త ఫోన్ కొనడం కూడా ఒక ఎంపికే, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 మొదట్లో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ 7 ఏళ్ళ అప్‌డేట్ల మాట ఇచ్చాయి. అయితే ఈ మాటలు చదివేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. వెర్షన్లు ఎన్నేళ్ళో, ప్యాచ్‌లు ఎన్నేళ్ళో విడివిడిగా రాసి ఉంటాయి, పెద్ద అంకె చూసి రెండిటికీ అదే అనుకుంటాం. పైగా ఆ లెక్క సాధారణంగా ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి నడుస్తుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ళ కిందటి మోడల్ తగ్గింపులో వచ్చిందని కొంటే రెండేళ్ళ అప్‌డేట్లు అప్పటికే ఖర్చైపోయినట్టు. ఐఫోన్ సంగతి వేరు, అక్కడ రోమ్ మార్చడమనే మాటే లేదు కాబట్టి కంపెనీ ఇచ్చినన్నాళ్ళే. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్, ఎక్స్ఆర్‌లకి 2025లో ఐఓఎస్ 26 రాలేదు, దాన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు. జైల్‌బ్రేక్ చేసినా కొత్త ఐఓఎస్ రాదు, ఉన్నదానిలో గోడలు కొన్ని తీసేసినట్టు అవుతుంది.

రూట్ దాకా వెళ్ళకుండానే తీరే కోరికలు

ఇది ఎక్కువమందికి తెలియని దారి, నాకు బాగా ఇష్టమైనది కూడా. రూట్ ఎందుకు కావాలి అని అడిగితే పదిమందిలో చాలామంది చెప్పేవి రెండే: ఫోన్‌తో పాటు వచ్చిన పనికిరాని యాప్‌లు తీసేయాలి, యాడ్స్ ఆపాలి. ఈ రెండిటికీ రూట్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కంప్యూటర్‌కి తగిలించి ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే పనిముట్టు) ఆ యాప్‌లని మీ యూజర్ వరకు తీసేయవచ్చు. అవి సిస్టమ్ పార్టిషన్‌లో, అంటే స్టోరేజీలో సిస్టమ్ కోసం విడిగా ఉంచిన భాగంలో, అలాగే ఉంటాయి, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తిరిగొస్తాయి, అదే దీని అందం: బూట్‌లోడర్ తెరవలేదు, అప్‌డేట్లు చెడిపోలేదు, బ్యాంకు యాప్‌కి తెలిసేది ఏమీ లేదు. పేరు అర్థం కాని ప్యాకేజీని మాత్రం తీయకండి. సిస్టమ్ ఇంటర్‌ఫేస్‌కి సంబంధించినదేదో తీసేస్తే ఫోన్ ఆన్ అవ్వకుండా లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది, అప్పుడు రికవరీలోకి వెళ్ళి అంతా చెరిపేయడమే గతి.

యాడ్స్‌కి ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల పేర్లకి చిరునామా వెతికిపెట్టే సర్వీసుని ఎంచుకునే సెట్టింగ్) చాలు, యాడ్స్ ఆపే డీఎన్ఎస్ పేరు ఒకటి అక్కడ రాస్తే చాలా యాప్‌లలో, బ్రౌజర్లో పోతాయి. వీడియో యాప్‌ల లోపలి యాడ్స్ పోవు, అవి రూట్ చేసి ఏ సైటు ఎక్కడుందో రాసుండే హోస్ట్స్ ఫైలు మార్చినా పోవు, కాబట్టి ఆ ఆశతో రూట్ చేయకండి. ఇంకొంచెం లోతుకి వెళ్ళాలంటే షిజుకు అనే యాప్ ఉంది, ఏడీబీకి ఉండే అధికారాన్ని ఫోన్‌లోని ఇతర యాప్‌లకి అందిస్తుంది. చాలా ఫోన్లలో రీస్టార్ట్ చేసినప్పుడల్లా మళ్ళీ మొదలుపెట్టాలి, ఆ విసుగు ఉంది.

ఇక రూట్

ఒకప్పుడు రూట్ అంటే సిస్టమ్ పార్టిషన్‌లోనే మార్పులు చేసేవాళ్ళు, సూపర్ఎస్‌యూ అనే రూట్ యాప్ కాలం అది. తర్వాత 2016లో జాన్ వు తెచ్చిన మ్యాజిస్క్ పద్ధతి మార్చేసింది: సిస్టమ్‌ని ముట్టుకోకుండా బూట్ ఇమేజ్‌ని, అంటే ఫోన్ లేచేటప్పుడు ముందుగా నడిచే భాగాన్ని, మాత్రం మార్చి, ఫోన్ లేచేటప్పుడే మార్పులు పైపైన కప్పుతుంది. ఇప్పుడు కర్నెల్‌లోనే కూర్చునే కర్నెల్ఎస్‌యూ లాంటివి కూడా వచ్చాయి. సాంకేతికంగా చూస్తే రూట్ ఇంత సులువుగా, ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. దాని తర్వాత బతుకు మాత్రం ఇంత కష్టంగానూ ఎప్పుడూ లేదు.

కారణం ప్లే ఇంటెగ్రిటీ, ఫోన్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా మార్చారా అని గూగుల్ చేసే తనిఖీ. ఇంతకుముందు సేఫ్టీనెట్ ఉండేది, దాని చోట ఇది వచ్చింది. యాప్ అడిగితే గూగుల్ మీ ఫోన్ గురించి ఒక తీర్పు ఇస్తుంది, బేసిక్, డివైస్, స్ట్రాంగ్ అని మూడు మెట్లు. బ్యాంకు యాప్‌లూ, ట్యాప్ చేసి డబ్బు కట్టే యాప్‌లూ మామూలుగా డివైస్ మెట్టు అడుగుతాయి. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో ఈ తీర్పు హార్డ్‌వేర్‌లో దాచిన తాళంచెవి ఆధారంగా వస్తోంది, అది బూట్‌లోడర్ తెరిచి ఉందో లేదో నేరుగా చెప్పేస్తుంది. దాన్ని మోసం చేయడానికి మ్యాజిస్క్‌కి తగిలించే మాడ్యూళ్ళున్నాయి, ఎక్కడి నుంచో బయటికి వచ్చిన కీబాక్స్ ఫైళ్ళు (వేరే ఫోన్ల తాళంచెవులు) వాడతారు, గూగుల్ వాటిని రద్దు చేస్తుంది, మళ్ళీ ఇంకోటి వెతుక్కోవాలి. ఇవాళ నడిచింది రేపు పొద్దున డబ్బు కట్టే చోట నిలబడినప్పుడు ఆగిపోవచ్చు. సరదాగా ఆడుకునేవాళ్ళకి ఆట బాగుంటుంది, కానీ ఆ ఆట ఆడటానికి మీకు రోజూ ఓపిక ఉంటుందా అన్నది మిమ్మల్ని మీరే అడగాలి.

ఇక్కడే గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. ఈ చిక్కు రూట్ చేసినందుకు మాత్రమే కాదు, బూట్‌లోడర్ తెరిచినందుకు. రూట్ లేని కస్టమ్ రోమ్ వేసుకున్నా వస్తుంది. అలాగని ఏమీ చేయకుండా కూర్చున్న పాత స్టాక్ ఫోన్ కూడా పూర్తిగా తప్పించుకోదు: ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో స్ట్రాంగ్ మెట్టు రావాలంటే గత 12 నెలల్లోపు సెక్యూరిటీ ప్యాచ్ ఉండాలి.

రూట్ చేశాక అప్‌డేట్లు కూడా తలనొప్పే. బూట్ ఇమేజ్ మారిపోయింది కాబట్టి కంపెనీ పంపే చిన్న అప్‌డేట్ ఫైలు దాన్ని చూసి ముందుకు కదలదు, ప్రతిసారీ పాత ఇమేజ్ పెట్టి, అప్‌డేట్ చేసి, మళ్ళీ ప్యాచ్ చేసుకోవాలి. ఒకటి రెండు నెలలు శ్రద్ధగా చేస్తాం, తర్వాత బద్ధకిస్తాం. అలా భద్రత కోసం కాకపోయినా స్వేచ్ఛ కోసం అని రూట్ చేసిన ఫోన్ అందరికంటే పాత ప్యాచ్‌తో మిగిలిపోవడం నేను చాలాసార్లు చూశాను, నా ఫోన్‌లోనే చూశాను.

మరి రూట్ ఎవరికి? చేయాల్సిన పనిని ఒక్క వాక్యంలో చెప్పగలిగేవాళ్ళకి. ఫలానా యాప్ డేటా మొత్తం యాప్‌తో సహా బ్యాకప్ తీయాలి, కర్నెల్ సెట్టింగులు మార్చాలి, పాత ఫోన్‌ని చిన్న సర్వర్‌లా వాడాలి, యాప్‌లు రాస్తాను లోపల ఏం జరుగుతోందో చూడాలి. ఇలాంటివి. "చేసి చూద్దాం" అంటే బల్ల సొరుగులో పడున్న ఫోన్ మీద చేయండి, జేబులో ఉన్నదాని మీద వద్దు.

కస్టమ్ రోమ్: ఎక్కువసేపు ఆలోచించాల్సింది ఇక్కడే

2009లో స్టీవ్ కొండిక్ హెచ్‌టీసీ డ్రీమ్ ఫోన్ కోసం మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ ఈ ప్రపంచానికి పెద్దన్న. తర్వాత దాని చుట్టూ ఒక కంపెనీ పుట్టింది, 2016 చివర్లో ఆ కంపెనీ చేతులెత్తేసింది, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు అదే కోడ్ తీసుకుని లీనియేజ్ఓఎస్ అన్నారు. ఇప్పటికీ పాత ఫోన్‌కి ఏ రోమ్ అని ఎవరడిగినా నేను మొదట దాని పరికరాల జాబితా చూడమంటాను. అది అన్నిటికంటే సొగసైనదని కాదు. ఒక ఫోన్‌ని అధికారిక జాబితాలో పెట్టాలంటే కాల్స్, కెమెరా, వైఫై లాంటివి పనిచేయాలని వాళ్ళకి రాసిపెట్టుకున్న నియమాలున్నాయి, అందుకని.

ఏ రోమ్‌కైనా ప్రాణం మెయింటెయినర్. మీ ఫోన్ మోడల్ తన దగ్గర పెట్టుకుని, ఖాళీ సమయంలో కోడ్ సరిచేసి బిల్డ్ వదిలే ఒక మనిషి. ఆ మనిషికి ఉద్యోగం మారినా, ఆ ఫోన్ కిందపడి పగిలినా మీ అప్‌డేట్లు ఆగుతాయి, అడిగే హక్కు మనకి లేదు. రోమ్ మొత్తమే ఆగిపోవడం కూడా ఉంది: ఎంతోమంది వాడిన పిక్సెల్ ఎక్స్‌పీరియన్స్ 2024లో ఆగింది, పాత ఫోన్లకి భద్రత మీదే శ్రద్ధ పెట్టిన డైవెస్ట్ఓఎస్ అదే ఏడాది డిసెంబర్లో ఆగింది. అందుకే స్క్రీన్‌షాట్లు చూసి రోమ్ ఎంచుకోవద్దు. చివరి బిల్డ్ ఎప్పుడొచ్చింది, అంతకుముందుది ఎప్పుడొచ్చింది, మెయింటెయినర్ పేరు పక్కన ఎవరైనా ఉన్నారా, ఏవేవి పనిచేయవో నిజాయితీగా రాశారా, ఇవి చూడండి. "బగ్స్: మీరే చెప్పండి" అని రాసి ఉంటే నవ్వుకుని పక్కకి రండి. సెలైనక్స్‌ని, అంటే ఏ ప్రోగ్రామ్ హద్దు దాటకుండా కాపలా కాసే భాగాన్ని, దేన్నీ అడ్డుకోని పర్మిసివ్ స్థితిలో పెట్టిన రోమ్ అయితే ఎంత బాగున్నా వద్దు, అది లోపలి గదుల తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచడమే.

ఇక చాలామందికి మింగుడుపడని సంగతి. కస్టమ్ రోమ్ వేసి సెట్టింగ్స్‌లో "సెక్యూరిటీ ప్యాచ్: పోయిన నెల" అని చూసి మురిసిపోతాం. అది ఆండ్రాయిడ్ వరకే. మోడెమ్, బూట్‌లోడర్, జీపీయూ డ్రైవర్ లాంటి వాటి ఫర్మ్‌వేర్ మూసిపెట్టిన ఫైళ్ళుగా కంపెనీ నుంచీ చిప్ తయారీదారు నుంచీ రావాలి, వాళ్ళు ఆపేశాక మెయింటెయినర్ చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. లీనియేజ్ఓఎస్ మెచ్చుకోదగ్గ పని చేస్తుంది, వెండర్ ప్యాచ్ (కంపెనీ ఇచ్చిన ఆ ఫైళ్ళ ప్యాచ్) తేదీని విడిగా చూపిస్తుంది. పైది కొత్తగా, కిందది మూడేళ్ళ పాతగా కనిపిస్తే కంగారు పడకండి, అదే నిజం. సగం గోడకి సున్నం వేసినట్టు. వేయకపోవడం కంటే మేలే, మొత్తం వేశామని మాత్రం అనుకోకూడదు. భద్రత విషయంలో అందరికంటే పట్టుదలగా ఉండే గ్రాఫీన్ఓఎస్ వాళ్ళు ఈ కారణంతోనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయిన పిక్సెల్ ఫోన్లకి పూర్తి సపోర్టు ఇవ్వరు. ఆ రోమ్ పిక్సెల్ ఫోన్లకే వచ్చింది, వేశాక బూట్‌లోడర్‌ని మళ్ళీ లాక్ చేసుకోవచ్చు, గూగుల్ ప్లేని మామూలు యాప్‌లాగా ఒక గదిలో పెట్టి నడుపుతుంది. కానీ అది అప్‌డేట్లు వస్తున్న ఫోన్‌ని ఇంకా గట్టిపరచడానికి, ముసలి ఫోన్‌ని లేపడానికి కాదు. గూగుల్‌ని వీలైనంత దూరం పెట్టడమే ముఖ్యం అనుకుంటే గూగుల్ సర్వీసుల బదులు మైక్రోజీ అనే ప్రత్యామ్నాయంతో వచ్చే ఈ-ఓఎస్ అనే రోమ్ ఉంది, దాని గురించి ఇక్కడ ఇంతకంటే చెప్పను.

రోమ్ మారిస్తే పోయేవి ముందే తెలుసుకుంటే తర్వాత తిట్టుకోనక్కర్లేదు. కెమెరా మొదటిది. కంపెనీ యాప్‌లో ఉండే ఫొటో ప్రాసెసింగ్ రాదు, వేరే ఫోన్లకి సరిపోయేలా మార్చిన గూగుల్ కెమెరా యాప్‌లు (పోర్టులు) కొంతవరకు ఆదుకుంటాయి. రెండోది వైడ్‌వైన్, వీడియోలు కాపీ కాకుండా కాపాడే తాళం: కొన్ని ఫోన్లు పై మెట్టు ఎల్1 నుంచి కింది మెట్టు ఎల్3కి పడిపోతాయి, అప్పుడు డబ్బు కట్టి చూసే వీడియో యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. మూడోది వోల్టీ, అంటే 4జీ మీద కాల్స్. మీ నెట్‌వర్క్ పాత 2జీ, 3జీ తీసేసి ఉంటే, రోమ్‌లో వోల్టీ పనిచేయకపోతే ఆ ఫోన్ నుంచి కాల్ చేయలేరు, కాబట్టి మీ మోడల్‌కి ఇది పనిచేస్తోందా లేదా అన్నది అన్నిటికంటే ముందు అడగండి.

తలుపు తెరుచుకుంటుందా

బ్రాండ్‌ని బట్టి కథ మారుతుంది. నేరుగా కొన్న పిక్సెల్‌ది సులువు, రెండు నిమిషాల పని. షావోమీలో చాలాకాలం అనుమతి అడిగి 168 గంటలు, అంటే సరిగ్గా వారం, ఆగడం మామూలుగా ఉండేది, దాని కొత్త సాఫ్ట్‌వేర్ హైపర్ఓఎస్ వచ్చాక నియమాలు ఇంకా బిగిశాయి. హువావే 2018లోనే అన్‌లాక్ కోడ్లు ఇవ్వడం ఆపేసింది. శాంసంగ్‌లో నాక్స్ అని లోపల ఒక ఫ్యూజు ఉంటుంది, బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే అది కాలిపోతుంది, తర్వాత స్టాక్‌కి తిరిగొచ్చినా సెక్యూర్ ఫోల్డర్, శాంసంగ్ పే లాంటివి ఆ ఫోన్‌లో రావు. ఇది సాఫ్ట్‌వేర్ మార్పు కాదు, వెనక్కి తిప్పడం కుదరదు. మొత్తంగా గాలి మూసేసే వైపే వీస్తోంది. ఆండ్రాయిడ్ 16 వచ్చినప్పుడు, 2025లో, గూగుల్ కూడా రోమ్‌లు తయారుచేసేవాళ్ళకి ఇన్నాళ్ళూ ఇస్తున్న పిక్సెల్ ఫోన్ల పరికర ఫైళ్ళు బయటపెట్టడం మానేసింది.

అన్‌లాక్ చేస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఇది అందరికీ తెలుసు. నాకూ తెలుసు, అయినా మొదటిసారి ఫొటోలూ కాంటాక్టులూ జాగ్రత్తగా కాపీ చేసుకుని, రెండంచెల లాగిన్ కోడ్లు ఇచ్చే యాప్‌ని మర్చిపోయాను. ఒక్కో ఖాతా తిరిగి తెచ్చుకోవడానికి రెండు వారాలు పట్టింది, ఒకటి ఇప్పటికీ రాలేదు. ఇంకోసారి మోడల్ పేరు చూసి ఫైలు దించుకున్నాను, పేరు ఒకటే కానీ నా దానిది వేరే వేరియంట్, ఫోన్ లేచింది కానీ టచ్ పనిచేయలేదు. అప్పటి నుంచి పేరు చూడను, ఒక్కో వేరియంట్‌కి విడిగా ఉండే లోపలి పేరు, కోడ్‌నేమ్, చూస్తాను, మీరూ అదే చేయండి.

కస్టమ్ రోమ్ మీద ఉండగా, బ్యాంకు యాప్ కోసమని బూట్‌లోడర్ తిరిగి లాక్ చేయడం ఫోన్లు చచ్చిపోవడానికి పెద్ద కారణం. సొంత తాళంచెవి పెట్టుకోనిచ్చే కొద్ది ఫోన్లలో తప్ప, లాక్ చేయగానే ఫోన్ తనలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని గుర్తుపట్టక లేవనంటుంది. పాత వెర్షన్‌కి దిగడంలో కూడా ఇలాంటి గొయ్యి ఉంది, చాలా ఫోన్లలో రోల్‌బ్యాక్ రక్షణ ఉంటుంది, వెనక్కి తిరగనివ్వదు. 2022లో ఆండ్రాయిడ్ 13తో పిక్సెల్ 6కి కూడా అది వచ్చింది.

నా ఎంపిక ఎలా ఉంటుందంటే

ఒకే ఫోన్, అందులోనే బ్యాంకు, ఆఫీసు, అన్నీ. అప్‌డేట్లు ఇంకా వస్తుంటే ఏడీబీతో శుభ్రం చేసుకుని, ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకుని స్టాక్ మీదే ఉండండి. అప్‌డేట్లు ఆగి ఏడాది దాటితే, చేతిలో డబ్బుంటే ఫోన్ మార్చడమే నయం, రోమ్‌తో బ్యాంకు యాప్ వెంట పరుగెత్తడం కంటే. డబ్బు లేకపోతే, బ్యాంకు పనులు బ్రౌజర్లోనో కంప్యూటర్లోనో చేసుకోగలిగితే అప్పుడు రోమ్ గురించి ఆలోచించండి.

రెండో ఫోన్, లేదా పిల్లలకో పెద్దవాళ్ళకో వీడియోలు చూడటానికి ఇచ్చే పాతది అయితే, అధికారిక లీనియేజ్ఓఎస్ ఉంటే వేసేయండి, రూట్ లేకుండా. చాలా ఫోన్లకి క్రమంగా బిల్డ్ వస్తుంది, సెట్టింగ్స్ నుంచే అప్‌డేట్ అవుతుంది, స్టాక్‌లో నత్తనడక నడిచిన ఫోన్ కొంచెం చురుగ్గా కూడా ఉంటుంది. పెద్దవాళ్ళ ఫోన్ అయితే వోల్టీ సంగతి రెండుసార్లు చూసుకోండి.

పిక్సెల్ ఉంది, దానికి ఇంకా ఏళ్ళ అప్‌డేట్లున్నాయి, మీకు గోప్యత ముఖ్యం అంటే గ్రాఫీన్. కొన్ని బ్యాంకు యాప్‌లు నడుస్తాయి, కొన్ని నడవవు, మీది నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి.

ఏది ఎంచుకున్నా, అన్‌లాక్ బటన్ నొక్కేముందు చేయాల్సిన పని ఒకటి. మీ కోడ్‌నేమ్‌కి సరిపోయే స్టాక్ ఫర్మ్‌వేర్ పూర్తి ఫైలు కంప్యూటర్లోకి దించుకుని, దాన్ని ఫోన్‌లో ఎలా ఎక్కించాలో ఒకసారి చదవండి. ఆ ఫైలు ఎక్కడా దొరకకపోతే ఆ ఫోన్ జోలికి వెళ్ళకండి.